మూన తిరిగేదాకా

మన కాలేజీ బస్సు వచ్చే దారిలో జుట్టు క్లినిక్‌ల హోర్డింగులు ఎన్ని ఉన్నాయో ఒకరోజు ఊరికే లెక్కపెట్టాను. రోడ్డుకి ఒక వైపే పదకొండు. అన్నింటిలోనూ రెండు ఫొటోలే. ఎడమ పక్క బట్టతల, దిగాలు మొహం. కుడి పక్క అదే మనిషి, ఒత్తైన జుట్టు, పళ్ళన్నీ కనిపించే నవ్వు. రెండింటికీ మధ్య సన్నటి తెల్ల గీత. నా గొడవంతా ఆ గీత గురించే. డిజైన్ చేసినవాడు దాన్ని వేలెడు వెడల్పు కూడా పెట్టలేదు. నిజానికి దాని వెడల్పు దాదాపు ఏడాది.

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ మంచిదా చెడ్డదా అనే చర్చ కాదు ఇది. చేయించుకునేవాళ్ళని వెటకారం చేయడం అసలే కాదు. ఆపరేషన్ ఒక్క రోజులో అయిపోతుంది, మానడానికే నెలలు పడుతుంది. ఆ నెలల్ని మన మగపిల్లలు ఏదో తప్పు చేసినవాళ్ళలా దాక్కుని గడుపుతున్నారు. ఆ దాపరికమే అసలు ప్రమాదం అని నా అభిప్రాయం.

పంతొమ్మిదేళ్ళకే నీకెందుకురా ఈ టాపిక్ అంటారేమో. ఒకసారి మన హాస్టల్ బాత్రూమ్ జాలీ దగ్గర నిలబడి చూడండి. పొద్దున్నే అక్కడ పేరుకున్న జుట్టుని చూసి ప్రతివాడూ తిట్టేది బోరు నీళ్ళనే. ఉప్పు నీళ్ళకి జుట్టు గడ్డిలా అవుతుంది, నిజమే. కానీ నుదుటి పక్కల నుంచి, నడినెత్తి నుంచి పల్చబడుతూ వచ్చే మగాళ్ళ బట్టతల వంశం నుంచి, హార్మోన్ల నుంచి వచ్చేది. అమ్మ వైపు నుంచీ రావచ్చు, నాన్న వైపు నుంచీ రావచ్చు. బోరు మోటారుకి దానితో సంబంధం లేదు. మా ఫ్లోర్‌లో ఒకడికి సెకండియర్‌లోనే 'రన్‌వే' అని పేరు పెట్టారు. పిలిస్తే నవ్వుతాడు. రాత్రి లైటు తీశాక వాడు ఫోన్‌లో ఏం వెతుకుతాడో పక్క మంచం వాడిగా నాకు తెలుసు.

ఇక నేను దగ్గరుండి చూసింది మా అన్నయ్యది. పెద్దనాన్న కొడుకు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, ఇరవై తొమ్మిదేళ్ళు. మూడు సంబంధాలు ఫొటో దగ్గరే ఆగిపోయాక గత జూలైలో చేయించుకున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పక్కన ఒక మనిషి ఉంటే మంచిదని క్లినిక్ వాళ్ళు అన్నారట, నన్ను పిలిచాడు. పది రోజులు తన ఫ్లాట్‌లో ఉన్నాను. ఇదంతా రాస్తానంటే ఒప్పుకున్నాడు, తన పేరూ ఊరి పేరూ ఉండకూడదన్న షరతు మీద.

ఆపరేషన్‌లో ఏం చేస్తారో టూకీగా చెప్తాను. తల వెనక, చెవుల పై భాగంలో ఉండే జుట్టు సాధారణంగా రాలదు. అక్కడి నుంచి ఒక మిల్లీమీటరు, అంతకన్నా సన్నటి గొట్టంలాంటి పరికరంతో వెంట్రుకల కుదుళ్ళని ఒక్కొక్కటిగా తీస్తారు. ఒక్కో కుదురులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి. ముందు వైపు చిన్న చిన్న గాట్లు పెట్టి వాటిలో నాటుతారు. మనిషికి మెలకువ ఉంటుంది, తలకి మాత్రమే మత్తు. అన్నయ్యకి 2,400 గ్రాఫ్ట్‌లు పెట్టారు. పొద్దున ఎనిమిదికి లోపలికి వెళ్తే సాయంత్రం ఆరు దాటాక బయటికొచ్చాడు.

నాటిన వెంట్రుక మళ్ళీ ఎందుకు రాలిపోదనే డౌటు నాకూ వచ్చింది. దానికి జవాబు ఇచ్చింది న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఓరెన్‌ట్రైక్. వెంట్రుక వెళ్ళిన చోటి గుణం తెచ్చుకోదు, పుట్టిన చోటి గుణమే ఉంచుకుంటుంది అని ఆయన 1959లో ప్రచురించాడు. అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1939లో, జపాన్‌లో ఒకుడా అనే డాక్టర్ కాలిన మచ్చల మీద వెంట్రుకలు నాటిన సంగతి రాశాడు. మన సీఎస్ఈ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది కాపీ-పేస్ట్ కాదు, కట్-పేస్ట్. వెనక తీసిన చోట మళ్ళీ మొలవదు. స్టోరేజ్ పరిమితం, అన్‌డూ బటన్ లేదు.

ఇక ఆ గీత లోపలికి వెళ్దాం.

మొదటి రాత్రి నొప్పి కంటే నిద్ర పెద్ద సమస్య. తల వెనక గాయాలు, ముందు గాయాలు. బోర్లా పడుకోకూడదు, పక్కకి తిరగకూడదు. రెండు దిండ్లు ఎత్తుగా పేర్చి, బస్సు ప్రయాణాల్లో వాడే మెడ దిండు పెట్టి, పాత తువ్వాలు పరిచి, కూర్చున్నట్టే పడుకోబెట్టాను. తెల్లారేసరికి తువ్వాలు మీద ఎర్రటి చుక్కలు. అది మామూలే అని కాగితంలో రాసిచ్చారు కాబట్టి కంగారు పడలేదు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి సెలైన్ స్ప్రే కొట్టాలి. నాటిన చోట తడి ఆరకూడదు, చెయ్యి తగలకూడదు. వంగి చెప్పులు తొడుక్కోకూడదు, బరువులు ఎత్తకూడదు, చెమట పట్టకూడదు, ఎండలోకి వెళ్ళకూడదు, సిగరెట్టు ముట్టకూడదు. తలుపు చట్రం తగలకుండా బాత్రూమ్‌లోకి వెళ్ళడం కూడా ఒక ప్రాజెక్టే అయిపోయింది.

మూడో రోజు పొద్దున నుదురు ఉబ్బింది. నాలుగో రోజుకి వాపు కళ్ళ మీదికి దిగింది. తేనెటీగలు కుట్టినట్టు మొహం. నెత్తి చర్మంలోకి ఎక్కించిన మత్తుమందు, సెలైన్ నీరు మెల్లగా కిందికి దిగడం వల్ల వచ్చే వాపు అది, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఆ సంగతి తెలిసినా అద్దంలో చూసుకుని అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. అదే రోజు మొదటి తలస్నానం. షాంపూని గిన్నెలో నురగ చేసి, ఆ నురగని నెత్తి మీద ఊరికే పెట్టి, మగ్గుతో నీళ్ళు మెల్లగా వదలాలి. షవర్ వాడకూడదు, రుద్దకూడదు. చిన్నప్పుడు ఆదివారం పూట మా ఇద్దరికీ పెద్దమ్మ కుంకుడు రసంతో తలంటేది, కళ్ళు మండి కేకలు పెట్టేవాళ్ళం. అదే తల మీద ఇప్పుడు నేను చెంచాతో పోసినట్టు నీళ్ళు పోస్తున్నాను. కుదుళ్ళు గట్టిగా పట్టుకోవడానికి సుమారు పది రోజులు పడుతుంది. అప్పటిదాకా ప్రతి పొక్కూ ఒక గండమే. గోకాలనిపించే దురద, గోకితే కుదురు ఊడి రావచ్చు.

ఇప్పుడు దాపరికం సంగతి. ఆపరేషన్ కోసం తల మొత్తం గొరిగించాల్సి వచ్చింది. మన దగ్గర దానికి రెడీమేడ్ సాకు ఒకటి ఉంది కదా. ఫ్రెండ్స్‌తో తిరుపతి వెళ్ళాను, గుండు చేయించుకున్నాను అని అన్నయ్య ఇంటికి ఫోన్‌లో చెప్పాడు. అంతే, పెద్దమ్మ మొదలుపెట్టింది. "ఎవరు మొక్కార్రా ఆ మొక్కు? నాకు తెలీకుండా ఏం మొక్కు?" అది అయ్యాక, "గంధం రాశావా లేదా? ఉత్త తలతో తిరగకు, వేడి చేస్తుంది. కాస్త కొబ్బరినూనె పెట్టుకో నాన్నా." వీడియో కాల్ చెయ్యమంటే లూజు టోపీ పెట్టుకుని, లైటు వెనక పెట్టి మాట్లాడాడు. నవ్వు రావాల్సిన సీనే. కానీ ఆరో రోజు, ఇదే ఊళ్ళో ఉండే మా మేనత్త పులిహోర డబ్బాతో చెప్పకుండా వచ్చేసింది. "ఏదీ నీ గుండు చూడనీ" అంటూ టోపీ మీదికి చెయ్యి చాచింది. అన్నయ్య వెనక్కి గెంతాడు. ఎండకి పేలింది అత్తయ్యా, డాక్టర్ ముట్టుకోవద్దన్నాడు అని నేను అడ్డం పడ్డాను. "దానికి డాక్టరెందుకురా, పసుపు కలిపి నూనె రాస్తా ఉండు" అని వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడని ఆపడానికి మేమిద్దరం పడ్డ పాట్లు ఇక్కడ రాయను.

మన ఇళ్ళల్లో తల అంటే అందరి చేతులూ వాలే చోటు. దీవిస్తే నెత్తి మీద చెయ్యి పెడతారు, పెళ్ళికి వెళ్తే అక్షింతలు వేస్తారు, జలుబు చేస్తే మాడుకి నూనె పెడతారు. అదంతా ప్రేమే. విషయం తెలియని ప్రేమ ఆ పది రోజుల్లో ఏం చేయగలదో ఆలోచించండి. అత్తయ్యకి ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఆ చెయ్యే మొదటి నుంచీ తల పక్కన దిండు సర్దేది.

ఏడో రోజు తల వెనక, కుదుళ్ళు తీసిన చోట, చీము పొక్కులు లేచాయి. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతోంది. నెత్తికి రక్త ప్రసరణ బాగా ఉంటుంది కాబట్టి ఇన్ఫెక్షన్ రావడం అరుదే, కానీ వస్తే ఆలస్యం చేయకూడదు. డబ్బు కట్టేదాకా రోజుకి రెండుసార్లు ఫోన్ చేసిన క్లినిక్ వాళ్ళు ఇప్పుడు వాట్సాప్‌లో మాత్రమే దొరికారు. "నార్మల్ సర్, డోంట్ వర్రీ" అని, ఒక నమస్కారం బొమ్మ. ఫొటో పంపితే మళ్ళీ అదే మెసేజ్. డాక్టర్‌తో మాట్లాడాలంటే రేపు అన్నారు. వీధి చివరే పెద్ద ఆస్పత్రి ఉంది, స్కిన్ డాక్టర్ ఉన్నారు. వెళ్దాం పద అంటే అన్నయ్య రానన్నాడు. "అక్కడికి మా ఆఫీసు వాళ్ళు వస్తారురా. ఎవడో ఒకడు చూస్తాడు." ఒకటిన్నర రోజు అలాగే గడిచింది. జ్వరం నూట రెండు దాటాక నేను ఆటో పిలిచాను. డాక్టరమ్మ రెండు నిమిషాలు చూసింది. ఏం చేయించుకున్నావని అడిగి, చెప్తే మొహంలో ఏ మార్పూ లేకుండా రాసుకుంది. "నిన్నే రావాల్సింది" అంది అంతే. యాంటీబయాటిక్ మారిస్తే రెండు రోజుల్లో తగ్గింది.

ఆ క్లినిక్ మీద నాకు కోపం ఉంది. కానీ ఎక్కువ ఆలోచించింది ఆ ఒకటిన్నర రోజు గురించి. అపెండిక్స్ ఆపరేషన్ అయిన మనిషికి చీము పడితే అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి పరుగెడతాం. ఇక్కడ అంతే చీము, అంతే జ్వరం. ఆగింది సిగ్గు వల్ల. సోకు కోసం చేయించుకున్నదానికి ఇంత సీనెందుకు అని మనలో చాలామంది అంటారు, విన్నాను. కోసింది సోకు కోసమా ప్రాణం కోసమా అన్నది చర్మానికి తెలీదు. అది ఒకేలా వాస్తుంది, ఒకేలా మానుతుంది, ఒకేలా చీము పడుతుంది.

ఎవరి శరీరం వాళ్ళది, ఊరందరికీ చాటింపు వేయాలా అని అన్నయ్య నాతో వాదించాడు. అక్కర్లేదు, ఒప్పుకుంటాను. ఆఫీసులో చెప్పకపోతే పోయేదేమీ లేదు. కానీ ఇంట్లో ఇద్దరికైనా తెలియాలి, కనిపించిన డాక్టర్‌కి సిగ్గుపడకుండా తల చూపించగలగాలి. ఇంత మాత్రం కూడా చెప్పుకోలేని పరిస్థితి ఎవరు తెచ్చారంటే, రన్‌వే అని పేరు పెట్టే మనమే తెచ్చాం.

విచిత్రం ఏంటంటే గుండుకి మనం ఎంత గౌరవం ఇస్తామో బట్టతలకి అంత ఎగతాళి చేస్తాం. తిరుమల కల్యాణకట్టలో రోజూ వేలమంది తలనీలాలు ఇస్తారు. ఆడ, మగ, పసిపిల్లలు. ఆ గుండుతో ఆఫీసుకెళ్తే లడ్డూ ఏదని అడుగుతారు తప్ప ఎవరూ నవ్వరు. దేవుడికిచ్చిన జుట్టు త్యాగం, దానంతటదే పోయిన జుట్టు జోకు. మన సినిమాల్లో బట్టతల ఎన్నేళ్ళుగానో కమెడియన్ ఆస్తి. 2021లో అవసరాల శ్రీనివాస్ 'నూటొక్క జిల్లాల అందగాడు'లో హీరోగా బట్టతల మనిషిని వేశాడు. విగ్గు పెట్టుకుని దాచుకునే మనిషి కథ అది. చూసినవాళ్ళు తక్కువ, చూడండి.

పది రోజులు దాటాక అన్నయ్య కాస్త కుదుటపడ్డాడు. పొక్కులు రాలాయి, నాటిన చోట పొట్టి వెంట్రుకలు నల్లగా, వరసగా కనిపించాయి. నేను కాలేజీకి వచ్చేశాను. మూడో వారం అర్ధరాత్రి ఫోన్. "అంతా రాలిపోతోందిరా. దిండు నిండా వెంట్రుకలే. డబ్బులన్నీ నీళ్ళపాలు." దీన్ని ఇంగ్లిష్‌లో 'షాక్ లాస్' అంటారు. నాటిన వెంట్రుకల్లో చాలా భాగం రెండు నుంచి ఆరు వారాల మధ్య రాలిపోతాయి. కుదురు మాత్రం లోపల బతికే ఉంటుంది, విశ్రాంతి తీసుకుని మూడు నాలుగు నెలలకి కొత్త వెంట్రుక తోస్తుంది. మొదట సన్నగా, వంకరగా వస్తుంది, ఒత్తుగా కనిపించడానికి తొమ్మిది నుంచి పన్నెండు నెలలు. క్లినిక్ ఇచ్చిన కాగితంలో ఇదంతా ఒకే ఒక లైనులో ఉంది. కానీ షాక్ అనే మాట, లాస్ అనే మాట పక్కపక్కన చదివినవాడికి ధైర్యం ఎలా వస్తుంది?

అదే వారం తాతయ్యతో మాట్లాడుతుంటే పొలం సంగతులు చెప్పాడు. మాది కృష్ణా కాలవ కింద వరి. "నాట్లయిపోయినాయి. ఇంకా మూన తిరగలేదు" అన్నాడు. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం, ఆ మాట అర్థం కాక అడిగాను. నారుమడి నుంచి పీకి పొలంలో నాటిన మొక్క వెంటనే పెరగదట. ముందు వాడిపోతుంది, ఆకులు పసుపుపచ్చగా అవుతాయి, చూసేవాడికి పైరు పోయినట్టే ఉంటుంది. లోపల కొత్త వేరు దిగుతుంటుంది. కొన్నాళ్ళకి పచ్చబడి తల ఎత్తుతుంది. దాన్నే మూన తిరగడం అంటారు. "అప్పటిదాకా ఏం చేస్తావ్ తాతయ్యా?" అంటే, "ఏం చేస్తాం, పల్చగా నీళ్ళు పెట్టి ఊరుకుంటాం. పీకి చూస్తామా ఏంటి?" అన్నాడు.

ఆ రాత్రే అన్నయ్యకి వాయిస్ మెసేజ్ పెట్టాను, నీ తల ఇంకా మూన తిరగలేదు, పీకి చూడకు అని. పొలంలో ఆడుకుంటూ పెరిగినవాడు, నాకు తెలియని ఆ మాట తనకి తెలుసు. చాలాసేపటికి నవ్వు బొమ్మ వచ్చింది. రోజూ నాలుగు కోణాల్లో ఫొటోలు తీసి ఫోల్డర్‌లో పెట్టి పోల్చుకోవడం మానేసి, నెలకొకటి తియ్యడం మొదలుపెట్టాడు. ట్రాన్స్‌ప్లాంట్ అనే ఇంగ్లిష్ మాటకి కూడా మొదటి అర్థం మొక్కని పీకి వేరే చోట నాటడమే. వాళ్ళు ఆ మాటని ఆస్పత్రికి తెచ్చుకున్నారు. మనం నాటు మాటని పొలంలోనే వదిలేసి, జుట్టు మార్పిడి అని పేపర్లలో రాసుకుంటున్నాం. దాంతోపాటు ఓపిక పట్టడానికి పనికొచ్చే మాటనీ అక్కడే వదిలేశాం. మన క్లబ్‌లో పాత మాటల పట్టిక ఒకటి తయారవుతోంది కదా, దీన్ని కూడా చేర్చమని నా మనవి.

ఓపిక ఒకటే చాలదు. 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థి ఈ ఆపరేషన్ చేయించుకుని చనిపోయాడు. కాన్పూర్‌లో ఒకే క్లినిక్‌లో చేయించుకున్న ఇద్దరు ఇంజినీర్లు చనిపోయారన్న కేసు 2025లో బయటపడింది. చేసింది దంత వైద్యురాలని ఆరోపణ. 2022లోనే జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది ఈ పనికి సరిపోదని అందులో స్పష్టంగా ఉంది. యూట్యూబ్ చూసి సెమ్ ఎగ్జామ్ రాసే మనకి కూడా ఆ తేడా అర్థం కావాలి.

ఇప్పుడు మన క్యాంపస్ లెక్క. ఫైనలియర్‌కి వెళ్ళబోయే ఒక సీనియర్ ప్లాన్ విన్నాను. మేలో ఎగ్జామ్స్ అవగానే చేయించుకుంటాడట, ఆగస్టులో ప్లేస్‌మెంట్లకి కొత్త జుట్టుతో కూర్చుంటాడట. లెక్క వేయండి. మే చివర నాటితే జూన్‌లో రాలుతుంది. జులైలో ఆపరేషన్‌కి ముందు కంటే పల్చగా కనిపించవచ్చు. ఆగస్టుకి కొత్త వెంట్రుకలు తోసుకొచ్చే చోట మొటిమల్లాంటి పొక్కులు కూడా లేవచ్చు. అంటే ఇంటర్వ్యూ ప్యానెల్ ముందు కూర్చునేది హోర్డింగులో కుడి పక్క మనిషి కాదు, ఆ గీతలో ఉన్న మనిషి. పైగా ఇరవై, ఇరవై రెండేళ్ళకి బట్టతల ఎంతవరకు వెళ్తుందో ఇంకా తేలదు. ముందు వరస నాటించుకున్నాక దాని వెనక అసలు జుట్టు రాలుతూ పోతే మధ్యలో ఖాళీ మిగులుతుంది, తల వెనక స్టాకు అయిపోయి ఉంటుంది. ఈ వయసులో తొందరపడొద్దని, ముందు మందులతో చూద్దామని చెప్పే డాక్టర్ దొరికితే ఆయన మన మంచి కోరినట్టు. మొదటి ఫోన్‌లోనే డిస్కౌంట్, ఈఎమ్ఐ చెప్పేవాళ్ళ దగ్గర ఆ మాట వినపడదు.

అయినా చేయించుకోవాలనే ఉంటే, ఎన్ని గ్రాఫ్ట్‌లు, ఎంత డబ్బు అని అడిగే ముందు గాట్లు పెట్టేది ఎవరో, ఆయన ఏం చదివారో అడగండి. ఏడో రోజు రాత్రి జ్వరమొస్తే ఫోన్ ఎత్తే డాక్టర్ ఎవరో అడిగి, నంబర్ తీసుకోండి. డబ్బు కట్టకముందే ఆ నంబర్‌కి ఒకసారి రాత్రి పదకొండుకి చేసి చూడండి.